దోన కడిగే ఆదివారం

మా ఊరి గుట్ట గురించి ఆఫీసులో నోరు తెరిచింది నేనే. ఈ మాట ముందే చెప్పేస్తే నాకు తేలిక. కంపెనీ వాళ్ళని తిట్టగలను, ఆఫీసర్లని తిట్టగలను, ఫోన్లు పట్టుకుని వీడియోలు తీసే పిల్లల్ని తిట్టగలను, బాగానే తిడతాను కూడా. తిట్లన్నీ అయిపోయాక చివరికి మిగిలేది మాత్రం నేనే.

గచ్చిబౌలిలో ఒక ఐటీ కంపెనీ ఆరో అంతస్తు పాంట్రీలో పనిచేస్తాను. టీలు, కాఫీలు పెట్టడం, కప్పులు కడగడం, బిస్కట్ డబ్బాలు నింపడం. ఆరేళ్ళుగా అదే అంతస్తు, అదే సింకు. పాలు అయిపోయాయా, చక్కెర ఎక్కడుంది అని తప్ప ఆ ఆరేళ్ళలో నన్ను ఇంకో మాట అడిగినవాళ్ళు వేళ్ళమీద లెక్క. అలాంటిచోట ఒక సోమవారం గిరీష్ సార్ గ్రీన్ టీ కలుపుకుంటూ, "మీది ఏ ఊరక్కా?" అన్నారు.

గిరీష్ సార్‌ది భీమవరం వైపు. మంచి మనిషి. ఇంత జరిగాక కూడా ఆ మాట వెనక్కి తీసుకోను. శని, ఆదివారాలొస్తే ఆయనకి ఇంట్లో కాలు నిలవదు. ఆఫీసులో పదిహేను ఇరవైమందిని పోగేసి, బస్సు మాట్లాడి, ఎక్కడో ఒక గుట్ట ఎక్కించి తీసుకొస్తారు. సోమవారం అందరూ కుంటుకుంటూ వచ్చి కాఫీ ఎక్కువ తాగుతారు.

"పరిగి దాటినంక రావులచెల్క సార్. చిన్న ఊరు" అన్నాను.

"అక్కడ చూడ్డానికి ఏముందండి?"

ఏమీ లేదు సార్ అని ఊరుకుంటే సరిపోయేది. కానీ నాకు గొప్ప చెప్పుకోవాలనిపించింది. ఏసీ చల్లదనంలో, ఆ మెషిన్ల మధ్య, నాకూ ఒకటి ఉందని చెప్పాలనిపించింది.

"గుట్ట మీద దోన ఉంటది సార్. నడి ఎండాకాలంల గూడ నీళ్ళు ఎండవు. గంత సల్లగ ఉంటయి, మీ ఫ్రిజ్జు నీళ్ళు దేనికి పనికిరావు."

"నిజంగానా? ఎండాకాలంలో గుట్ట మీద నీళ్ళా? అబ్బ, మమ్మల్ని తీసుకెళ్ళండక్కా ఒకసారి!"

ఆ 'అబ్బ'కి నేను పొంగిపోయాను. ఆ రోజంతా కప్పులు కడుగుతూ నాలో నేనే నవ్వుకున్నాను.

దోన అంటే బండరాతిలో దానంతట అదే పడిన గుంత. మా గుట్ట మీది దోన మనిషి నడుములోతు ఉంటుంది, మూడు మంచాలంత వెడల్పు. పడమటి మూలలో, అడుగున, ఒక సన్నటి పగులుంది. ఊట కన్ను అంటాం. అందులోంచి రాత్రీ పగలూ నీళ్ళు ఊరుతుంటాయి. గుట్ట కింద బోర్లు ఎండిపోయినా ఆ కన్ను ఎండదు. మా నాయన పెంటయ్యకి ఇరవై రెండు మేకలు. ఎండాకాలం మూడు నెలలు వాటికి తాగడానికి ఆ దోన తప్ప వేరే దిక్కులేదు. మా అమ్మ పోయి ఏడేళ్ళు. పొలం ఎప్పుడో పోయింది. నాయనకి మిగిలింది ఆ మేకలు. దోన ఉంటే మేకలుంటాయి, మేకలుంటే నాయన ఊళ్ళో ఉంటాడు. సంగతి ఇంతే, ఇందులో తిరకాసు ఏమీ లేదు.

ఆ దోనకి ఏడాదికొకసారి కడుగుడు ఉంటుంది. రోహిణి కార్తె చివరి ఆదివారం, మృగశిర ఇంకా రాకముందు. ఆ పని మా ఇంటివాళ్ళదే. నాయన చెప్పులు గుట్టకింద విడిచి, గంప, చిన్న పార పట్టుకుని ఎక్కుతాడు. ఉన్న నీళ్ళు తోడి, మేకలకి తాపి, అడుగున పట్టిన ఒండ్రంతా ఎత్తిపోస్తాడు. చివర్న ఊట కన్నులో వేలుపెట్టి మట్టి గీరి, వేపమండ గుచ్చి, పక్కన కూర్చుంటాడు. కాసేపటికి వేపమండ అడుగున తడి కనిపిస్తుంది. అప్పుడు ఊరంతా ఎక్కి తలా చెంబుడు నీళ్ళు తీసుకెళ్తారు. ఆ దారి అందరికీ తెలియదు, మేకలవాళ్ళకే తెలుసు. అందుకని ఆ ఒక్కరోజు కోసం నాయన బండలమీద సున్నంతో చుక్కలు పెడతాడు. వారం తిరిగేలోపు మొదటి వాన పడుతుంది. సున్నం కొట్టుకుపోతుంది. మళ్ళీ ఏడాదిదాకా గుట్ట గుట్టే.

చిన్నప్పుడు నాకిదంతా ఆట. పెద్దయ్యాక ముసలివాళ్ళ చాదస్తం అనుకున్నాను. ఆ అనుకోవడమే నా కొంప ముంచింది.

గిరీష్ సార్ వాళ్ళని మొదటిసారి చలికాలంలో తీసుకెళ్ళాను. నాయనే ముందు నడిచాడు. వాళ్ళ బూట్లు జారుతుంటే చెయ్యి ఇచ్చి ఎక్కించాడు, దోన దగ్గర మోదుగాకు దొన్నెలు కుట్టి నీళ్ళు పోశాడు. మా పక్కింటి సరోజమ్మ చిన్నమ్మ జొన్నరొట్టెలు, టమాట తొక్కు పంపితే ఒక్కటి మిగల్చకుండా తిన్నారు. ఆఫీసులో నన్ను పేరు పెట్టి పిలవని మేడమ్ ఒకామె మా నాయన పక్కన నిలబడి ఫోటో దిగింది. మా నాయన తలపాగా సర్దుకుని ఫోనులోకి చూసిన చూపు నాకింకా కళ్ళముందే ఉంది. "మంచోళ్ళు బిడ్డా నీ ఆఫీసోళ్ళు" అన్నాడు. నాకంటే గర్వం ఎవరికుంటుంది ఆ రోజు?

వానాకాలంలో వాళ్ళు నాకు చెప్పకుండానే ఇంకోసారి వెళ్ళారు. నాయన ఆ రోజు మేకలతో అవతలి వాలుమీద ఉన్నాడట. వీళ్ళు దారి తప్పి ముళ్ళ కంపల్లో మూడు గంటలు తిరిగి, ఒళ్ళంతా గీరుకుని దిగారు. సోమవారం గిరీష్ సార్ పాంట్రీకి వచ్చి ఒక పసుపుపచ్చ పెయింటు డబ్బా నా ముందు పెట్టారు.

"ఏమీ అనుకోకండక్కా. మీ నాన్నగారితో చెప్పి దారిలో బాణం గుర్తులు వేయించగలరా? ఆడపిల్లలు కూడా వస్తున్నారండి, ఎవరికైనా ఏమైనా అయితే..."

సబబైన మాటే కదా. ఆదివారం డబ్బా పట్టుకుని ఊరికి వెళ్ళాను. నాయన మేకల దొడ్డిలో ఉన్నాడు. డబ్బా చూశాడు, మూత మీద గోటితో గీరాడు.

"ఇది వానకు పోతదా?"

"ఎట్ల పోతది నాయినా, పెయింటు గది. పదేండ్లయినా గట్లనే ఉంటది."

"అయితే వద్దు."

"ఎందుకొద్దు? నువ్వు సున్నం పెడ్తలేవా?"

"పోతదనే పెడ్తం బిడ్డా సున్నం. దారి ఒక్కరోజు తెరవాలె, మూయాలె. యాడాది పొడుగు తెరిచిపెడితే ఇగ గుట్టల ఏముంటది?"

నాకు కోపమొచ్చింది. ఉన్నమాట చెప్తున్నాను, కోపమే వచ్చింది. వాళ్ళముందు నా పరువేం కాను? మా నాయన వద్దన్నాడు సార్ అని ఏ ముఖం పెట్టుకుని చెప్పను? "నీకేం తెల్వదు, నువ్వు ఊకో" అని డబ్బా తీసుకుని నేనే ఎక్కాను. మొదటి పెద్దబండ దగ్గర మొదలుపెట్టి దోనదాకా నలభై ఒక్క బాణాలు వేశాను. పదో క్లాసుదాకా చదివిన దాన్ని, బాణం సక్కగా గీయడం వచ్చు. చివరి బాణం దోన అంచుమీద వేసి, ఫోటో తీసి గిరీష్ సార్‌కి పంపాను. ఆయన రెండు దండం బొమ్మలు పంపి, ఫోటోని వాళ్ళ ట్రెక్కింగ్ గ్రూపులో పెట్టారు. నేను కొండ దిగేసరికి నాయన గడప మీద కూర్చుని బీడీ తాగుతున్నాడు. తిట్టినా బాగుండేది.

ఆ తర్వాత ఇక అడగాలా. ఆ గ్రూపులోంచి ఇంకో గ్రూపుకి, అందులోంచి వీడియోల్లోకి. "గైడు అక్కర్లేదు, పసుపు బాణాలు పట్టుకుని పోండి" అని ఒకమ్మాయి నవ్వుతూ చెప్పిన వీడియో మా ఫ్లోర్‌లో సగంమంది చూశారు. మొదట శనివారం ఒక్క బస్సు, తర్వాత నాలుగు, కార్తీకంలో లెక్కే లేదు. హైటెక్ సిటీ మొత్తం మా ఊరిమీదే పడిందా అనిపించేది. మొదట్లో ఊరు సంబరపడింది, అది కూడా చెప్పాలి. సరోజమ్మ చిన్నమ్మ రొట్టెల పొయ్యి రోడ్డు మీదికి వచ్చింది. మా దాయాది కొడుకు సురేష్ బండ్లు నిలిపే జాగా చూపించి కిరాయి తీసుకునేవాడు. పండక్కి వెళ్తే "మా రేణుక తెచ్చిన అదృష్టం" అని ఎదురొచ్చి మరీ పలకరించేవాళ్ళు. నేనూ నిజమే అనుకున్నాను.

మేకలు మాత్రం అనుకోలేదు.

దోనలో దిగి ఈతలు కొట్టేవాళ్ళు. ఒళ్ళంతా ఎండకి పూసుకునే క్రీము, షాంపూ, ఏవేవో. నీళ్ళమీద తేలే జిడ్డు చూసి మేకలు మూతి పెట్టి, తుమ్మి, వెనక్కి జరిగేవి. అట్టపెట్టె పెడితే అట్టపెట్టె తినే జీవాలు అవి, నీళ్ళు చూసి వెనక్కి జరిగాయంటే ఆలోచించండి. ఆ ఎండాకాలం నాయన కింది నుంచి రెండు డబ్బాలు కావడి వేసుకుని రోజుకి రెండుసార్లు ఎక్కాడు. ఒక సూడి మేక కడుపుబ్బి చచ్చిపోతే కోసి చూశాడు. పొట్టనిండా చిప్స్ కవర్లు, తడి తుడుపు గుడ్డలు. ఫోను చేసి ఆ సంగతి చెప్తూ, "లోపల రెండు పిల్లలుండె బిడ్డా" అన్నాడు. నేను పాంట్రీలో ఉన్నాను. ఎవరో బ్లాక్ కాఫీ అడుగుతున్నారు. పోసిచ్చాను.

అప్పుడు గిరీష్ సార్‌తో మాట్లాడాను. ఆయన ముఖం చిన్నబోయింది. "అయ్యో, చాలా తప్పండి ఇది" అన్నారు. తర్వాతి ఆదివారం యాభైమందితో సంచులు పట్టుకుని వెళ్ళి చెత్త ఏరారు. పదకొండు బస్తాలు. ఆ ఫోటోలు చూసి ఇంకో రెండొందలమంది వచ్చారు.

రెండో వానాకాలంలో బాచుపల్లి కాలేజీ పిల్లవాడొకడు దోన పైబండ మీదినుంచి ఫోటో కోసం దూకి కాలు విరగ్గొట్టుకున్నాడు. టీవీల్లో వచ్చింది. గుట్ట ఎవరి అధికారంలో ఉందో ఆ ఆఫీసు వాళ్ళు వచ్చి దారి మూసేశారు. నాకు ప్రాణం లేచొచ్చింది. నాయన కూడా, "పీడ పోయింది, ఇగ జర నిమ్మళం" అన్నాడు. నాలుగు నెలలు నిజంగానే నిమ్మళం. ఐదో నెలలో గుట్టచుట్టూ కంచె పడింది. గేటు పడింది. నగరంలోని ఏదో కంపెనీకి గుట్ట అప్పగించారట. టికెట్టు ఫోనులోనే కొనాలి, పదిహేనుమంది చొప్పున గుంపులుగానే వెళ్ళాలి, బూట్లు తప్పనిసరి. సరోజమ్మ చిన్నమ్మ పొయ్యి గేటుకు అడ్డమని తీసేయించారు. తిండి వాళ్ళే అట్టపెట్టెల్లో తెచ్చుకుంటారు. సురేష్‌కి గేటు దగ్గర సెక్యూరిటీ డ్రెస్సు ఇచ్చారు. ఇక మేకలు గుట్ట ఎక్కడానికి వీల్లేదు.

"ఎందుకు వద్దంట?" అని అడిగాను నాయనను.

"దారి ఖరాబు చేస్తయంట."

ఆ మాట చెప్పి ఆయన నవ్వాడు. మా నాయన అలా నవ్వడం నాకు నచ్చలేదు.

నీళ్ళు లేవు, మేత లేదు. ఆ మాఘంలో మిగిలిన ఇరవై ఒక్క మేకల్నీ ఒకేసారి పరిగి సంతలో అమ్మేశాడు. పోతు ఒక్కటి మాత్రం బేరగాడి చేతిలో తాడు తెంపుకుని ఇంటికొచ్చిందట. మళ్ళీ తానే తోలుకెళ్ళి అప్పజెప్పాడు. వారం తర్వాత మా ఆయన నరేందర్ వెళ్ళి ఆయన్ని గోపన్‌పల్లిలో మా అద్దె గదికి తీసుకొచ్చాడు. అదే గల్లీ చివర అపార్ట్‌మెంటులో వాచ్‌మన్ పని దొరికింది. పగలంతా కుర్చీలో కూర్చుని వచ్చేపోయే బండ్ల నంబర్లు రాసుకోవాలి. నాయనకి రాయడం రాదు. పక్క గేటు వాచ్‌మన్ రాసిపెట్టేవాడు. అపార్ట్‌మెంటు వెనక ఇంకో అపార్ట్‌మెంటు కోసం బండలు పేలుస్తుంటారు. పేలినప్పుడల్లా నాయన కుర్చీలోంచి లేచి అటు చూసి, మళ్ళీ కూర్చునేవాడు.

ఒక ఆదివారం నేను చెప్పకుండా ఊరికి పోయాను. ఆఫీసు హౌస్‌కీపింగ్ గదిలోంచి ఇనుప బ్రష్షు, థిన్నర్ సీసా తీసుకున్నాను. దొంగతనమే. కంచెకి వెనకవైపునుంచి దూరుతుంటే సురేష్ నన్ను చూసీ చూడనట్టు వదిలేశాడు. చేతులు బొబ్బలెక్కేదాకా గీకితే ఏడు బాణాలు పోయాయి, అవి కూడా పూర్తిగా కాదు, మచ్చ అలాగే ఉంది. పదిహేను రోజుల తర్వాత సురేష్ ఫోన్ చేశాడు. "ఎందుకక్కా గింత కష్టపడ్డవ్? కంపెనోళ్ళు అన్నిటికి మళ్ళ కొత్త పెయింటు ఏసిండ్రు. ఇప్పుడు రాత్రి గూడ మెరుస్తయి" అన్నాడు.

మొన్న రోహిణి కార్తె వచ్చింది. నాయన గోపన్‌పల్లికి వచ్చాక మొదటి రోహిణి. అంతకుముందు ఏడాది దోన నిండా జనం ఉంటే కడుగుడు కుదరలేదు. రెండేళ్ళ ఒండ్రు. ఒక సాయంత్రం డ్యూటీ దిగివచ్చి, గదిలో గోడకానుకుని, నా ముఖం చూడకుండా అన్నాడు.

"ఈసారి గూడ కడగకపోతే ఊట కన్ను మూసుకపోతది బిడ్డా. మేకలు లేకుంటే లేకపాయె. పిట్టలుంటయి, నక్కలుంటయి. ఒక్కసారి తోల్కపోతవా?"

ఇన్నేళ్ళలో మా నాయన నన్నేదైనా అడగడం అదే మొదటిసారి. సురేష్‌కి ఫోన్ చేశాను. "గుంపుల ఉంటేనే లోపలికక్కా. నా కొలువు పోతది" అన్నాడు. రెండు రోజులు వెనకాముందాడి, చివరికి గిరీష్ సార్ దగ్గరికే వెళ్ళాను. ఇంకెవరున్నారు?

"భలేవారే! ఈ ఆదివారం మా బ్యాచ్ వెళ్తోందండి. రెండు సీట్లు మీకు. మీ నాన్నగారు మాకు గెస్టు!" అన్నారు. నిజంగా సంతోషపడ్డారాయన.

తెల్లారి ఐదున్నరకి గచ్చిబౌలి స్టేడియం ముందు బస్సెక్కాం. నాయన ఉతికిన పంచె కట్టాడు. తువ్వాలులో పార చుట్టుకున్నాడు, గంపలో వేపమండ పెట్టుకున్నాడు. అపార్ట్‌మెంటు ముందున్న వేపచెట్టుది. బస్సులో పాటలు, ఆటలు. ఒక అమ్మాయి, "తాతా, మీకిది ఫస్ట్ ట్రెక్కా?" అని అడిగింది. నాయనకి అర్థం కాక తలూపాడు. బస్సంతా చప్పట్లు కొట్టింది.

గేటు దగ్గర అందరి చేతులకీ నారింజరంగు పట్టీలు చుట్టారు. నాయన చేతికి కూడా. సంచులు వెతికారు. ఇనుప సామాను లోపలికి వెళ్ళకూడదట. తువ్వాలు విప్పి పార తీసుకోవాల్సింది సురేషే. వాడు తల ఎత్తకుండా, "పెద్దనాయినా, జర ఇటియ్యి. పొయ్యేటప్పుడు ఇస్త" అన్నాడు. నాయన ఇచ్చేశాడు. అలవాటుగా చెప్పులు గేటు పక్కన విడవబోతే కంపెనీ గైడు, "తాతా, చెప్పులు లేకుండా వదలం. సేఫ్టీ" అన్నాడు. నేను గొడవకి దిగాను. "ఆయన గీ గుట్ట మీద పుట్టిండు, నువ్వు ఆయనకు చెప్తవా?" అని అరిచాను. క్యూలో వెనకవాళ్ళు గడియారాలు చూసుకున్నారు. నాయనే నా భుజం తట్టి, చెప్పులు మళ్ళీ తొడుక్కున్నాడు.

మా నాయన చెప్పులతో దోనకి ఎక్కడం ఆ రోజే చూశాను.

దోనచుట్టూ స్టీలు కమ్మీలు. లోపల నీళ్ళు నీలంగా ఉన్నాయి. నాకు ఒక్క క్షణం ప్రాణం చల్లబడింది, నీళ్ళున్నాయి కదా అని. తర్వాత చూస్తే నీలం నీళ్ళది కాదు, అడుగుది. దోన అడుగంతా నున్నగా సిమెంటు చేసి నీలం రంగు వేశారు. ఒక పక్కనుంచి నల్ల పైపు లోపలికి వచ్చింది. కింద ట్యాంకరు పెట్టి మోటారుతో ఎక్కిస్తున్నారట, ఫోటోలకి నిండుగా ఉండాలని.

నాయన కమ్మీకింద దూరి దిగిపోయాడు. గైడు విజిల్ వేశాడు. "ఉండనివ్వండి, ఆయనకి అలవాటే" అని గిరీష్ సార్ ఆపారు. నాయన మోకాళ్ళలోతు నీళ్ళలో నడుచుకుంటూ పడమటి మూలకి వెళ్ళి, వంగి, చేత్తో తడిమాడు. ఇటు తడిమాడు, అటు తడిమాడు. కళ్ళు మూసుకుని మళ్ళీ మొదటినుంచి తడిమాడు. నలభై ఏళ్ళు వేలుపెట్టి గీరిన చోటు అది.

"గీడనే ఉండె" అన్నాడు. "గీడనే ఉండె బిడ్డా."

గిరీష్ సార్ గైడుతో మాట్లాడి నా దగ్గరికి వచ్చారు. గొంతు తగ్గించి, "అడుగున పగులుందటక్కా. నీళ్ళు లీకైపోతున్నాయని కాంట్రాక్టరు ముందు దాన్నే మూయించాడట" అన్నారు.

నీళ్ళు పోయేది కాదు సార్, వచ్చేదే అందులోంచి. ఈ మాట చెప్పడానికి నోరు తెరిచాను. తెరిచి నాయన వైపు చూశాను. ఊళ్ళో ఏ మేకలవాడిని అడిగినా చెప్పేవాడు. గేటు దగ్గర డ్రెస్సు వేసుకుని నిలబడ్డ సురేష్‌ని అడిగినా చెప్పేవాడు. ఒక్కరూ అడగలేదు. అడగాల్సిన అవసరమే లేకుండా దోనదాకా దారి చూపించి పెట్టింది నేనే కదా.

నాయన కాసేపు నీళ్ళలోనే నిలబడ్డాడు. వేపమండ గుచ్చడానికి చోటు లేదు. గంపలోనే వదిలేసి పైకొచ్చాడు. మిగతావాళ్ళు వంతులవారీగా ఫోటోలు దిగుతున్నారు. బస్సులో అడిగిన అమ్మాయి, "తాతా, ఒకటి దిగుదాం" అని పక్కన నిలబడితే నిలబడ్డాడు.

దిగేటప్పుడు నేను వెనకబడ్డాను. కింద గేటు దగ్గరికి వచ్చేసరికి నాయన అప్పటికే బండమీద కూర్చుని ఉన్నాడు. ఆయన దారి వేరే ఉండేది, మేకల దారి, అవతలి వాలు మీదుగా. అది కంచెతో తెగిపోయింది. ఆ మధ్య కళ్ళు కూడా మసకేశాయి ఆయనకి.

"ఒక్కడివే ఎట్ల దిగినవ్ నాయినా? పరేషాన్ అయిన నేను."

"నీ బాణాలు పట్టుకొనే దిగిన బిడ్డా. మంచిగ కనవడ్డయి" అన్నాడు.

దెప్పలేదు. నా ముఖంలోకి చూసి, నన్ను ఊరడించడానికే అన్నాడు. అక్కడే నేలమీద కూలబడి ఏడ్చాను. సురేష్ పార తెచ్చి గంపలో పెట్టి వెళ్ళిపోయాడు.

తిరుగు ప్రయాణంలో పాటలు లేవు, అందరూ నిద్ర. శంకర్‌పల్లి దాటాక గిరీష్ సార్ ముందు సీటులోంచి లేచివచ్చి మా పక్కన కూర్చున్నారు. ఆయన కళ్ళు కూడా ఎర్రగానే ఉన్నాయి. నెమ్మదిగా అన్నారు.

"ఈ కంపెనీలన్నీ ఇంతేనండి, పాడు చేసేశారు. మనం మాత్రం చిన్న గ్రూపుగా, పద్ధతిగా వెళ్దాం. పెంటయ్యగారూ, మీ వైపు ఇలాంటి గుట్ట, ఎవరికీ తెలియనిది, ఇంకోటి ఏదైనా ఉందాండి?"

నాకు ఒళ్ళు మండింది. ఆ మంటలో ఏమనాలో వెతుక్కుంటున్నాను. ఇంతలో నాయన, పెద్దమనిషి అడిగాడు కదా అని, కాసేపు ఆలోచించి మర్యాదగా జవాబు చెప్పాడు.

"లేదు సారూ. మాకు గదొక్కటే ఉండె."

గోపన్‌పల్లిలో దిగాం. నాయన గంపలోని వేపమండ తీసి, ఎక్కడ పెట్టాలో తెలియక అటూ ఇటూ చూసి, అపార్ట్‌మెంటు గేటు పక్కన గోడకి ఆనించాడు. రెండు రోజుల తర్వాత మృగశిర వాన పడింది. పాంట్రీ అద్దాల్లోంచి చూస్తే గచ్చిబౌలి అంతా తడిసిపోయింది. గిరీష్ సార్ వచ్చి గ్రీన్ టీ అడిగారు. కలిపిచ్చాను.